ఒకే పట్టాలో గ్రీకు, లాటిన్, ఫ్రెంచి

1714లో పారిస్ పండితలోకం హోమరు పేరు మీద రెండుగా చీలింది. అంతకు మూడేళ్ల ముందు, 1711లో, అన్ దాసియే అనే విదుషి ఇలియడ్‌ను గ్రీకు నుంచి ఫ్రెంచి వచనంలోకి తెచ్చింది. ఉదార్ ద లా మోత్ అనే కవికి గ్రీకు రాదు. ఆమె అనువాదాన్ని ముందు పెట్టుకుని, ఇరవై నాలుగు సర్గల కావ్యాన్ని పన్నెండు సర్గలకు కుదించి, తన కాలపు మర్యాదకు నచ్చనివన్నీ తీసేసి, ఫ్రెంచి పద్యాల్లో అచ్చు వేయించాడు. హోమరులో తనకు కనిపించిన లోపాలన్నీ ఏకరువు పెడుతూ పెద్ద ఉపోద్ఘాతం కూడా రాశాడు. దాసియే ఊరుకోలేదు. అభిరుచి ఎందుకు చెడిపోయిందో వివరిస్తూ ఏకంగా ఒక పుస్తకమే జవాబుగా రాసింది.

ఈ తగువులో న్యాయం ఎటుందో చెప్పాలంటే ఎవరికి అర్హత ఉంది? గ్రీకు ఒక్కటే వచ్చినవారికి లా మోత్ ఏం రాశాడో తెలియదు. ఫ్రెంచి ఒక్కటే వచ్చినవారికి ఆయన ఏం తీసేశాడో తెలియదు. ఇద్దరి పుస్తకాలనూ హోమరు మూలం పక్కన పెట్టి చదవగలిగినవారే మాట్లాడాలి. అలా చదవగలిగేవారిని తయారుచేయడానికే అన్నట్టు బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఒక డిగ్రీ ఉంది. క్లాసిక్స్, ఫ్రెంచి కలిపి చదివే జాయింట్ డిగ్రీ అది. దాన్ని రెండు సగం చదువుల మొత్తంగా చూడటం అలవాటైపోయింది. నా అభిప్రాయం వేరు. ఆ రెండు చదువులు కలిసే చోట, విడివిడిగా ఎవరికీ అందని ఒక మూడో విషయం ఉంది. డిగ్రీ విలువ అక్కడే ఉంది. విచారమేమిటంటే చాలా చోట్ల ఆ మూడో విషయాన్ని ఎవరూ పాఠంగా చెప్పడం లేదు.

క్లాసిక్స్ అంటే అక్కడ ప్రాచీన గ్రీసు, రోముల భాషలు, సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, కళ అన్నీ కలిసిన చదువు. ఆక్స్‌ఫర్డ్‌లో దాన్ని ఇప్పటికీ 'లిటరే హ్యుమానియోరెస్' అనే లాటిన్ పేరుతోనే వ్యవహరిస్తారు. అక్కడ క్లాసిక్స్‌తో ఫ్రెంచి వంటి ఆధునిక భాషను కలిపి చదివితే, ఎంచుకున్న మార్గాన్ని బట్టి నాలుగేళ్లు గానీ ఐదేళ్లు గానీ పడుతుంది. కేంబ్రిడ్జ్‌లో ఆధునిక భాషల విద్యార్థి రెండో భాషగా ప్రాచీన లాటిన్‌నో గ్రీకునో తీసుకోవచ్చు. స్కాట్లండ్ విశ్వవిద్యాలయాల్లో జాయింట్ ఆనర్స్ అన్నది పాత సంప్రదాయం. తెలుగు పాఠకులకు బాగా తెలిసిన పేరు ఒకటి చెప్పాలంటే జె.కె. రోలింగ్ చదివింది ఈ జంటే. ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి, జర్మన్ చదవడానికని చేరి, ఇంట్లో చెప్పకుండా జర్మన్ వదిలి క్లాసిక్స్ వైపు వెళ్లిపోయిన సంగతి 2008లో హార్వర్డ్ స్నాతకోత్సవ ప్రసంగంలో ఆమే చెప్పింది. హారీ పోటర్ మంత్రాల్లో లాటిన్ ఎందుకంత వినిపిస్తుందో ఇక వేరే వివరణ అక్కర్లేదు.

ఈ చదువులో విద్యార్థి వారం ఎలా గడుస్తుందో చూస్తే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. క్లాసిక్స్ వైపు నిర్ణీత పాఠ్యం ఉంటుంది. వర్జిల్ నుంచో ఓవిడ్ నుంచో కొన్ని పదుల పంక్తులు నిఘంటువు పక్కన పెట్టుకుని ముందే సిద్ధం చేసుకుని వెళ్లాలి. ముందెప్పుడూ చూడని ఖండికను అక్కడికక్కడే అనువదించే 'అన్‌సీన్' ఉంటుంది. ఇంగ్లీషు వచనాన్ని లాటిన్‌లోకి మార్చే అభ్యాసమూ కొన్ని చోట్ల ఇంకా ఉంది. ఫ్రెంచి వైపు చూస్తే వీటికి అన్నదమ్ముల్లాంటివే కనిపిస్తాయి: ఫ్రెంచిలోకి రాసేది 'తెమ్', ఫ్రెంచి నుంచి తెచ్చేది 'వెర్సియోఁ'. వీటికి తోడు మాట్లాడటం, వ్యాసాలు, నవలలు, నాటకాలు. రెండు శాఖలూ తమ విద్యార్థి పూర్తిగా తమ విద్యార్థే అన్నట్టు పని ఇస్తాయి. రెండు చోట్లా ఒకే వారం వ్యాసం ఇవ్వాల్సి రావడం, రెండు తరగతులు ఒకే గంటకు పడటం జాయింట్ విద్యార్థులకు నిత్యకృత్యం.

భాష వరకు చూస్తే ఈ జంటకు ఒక సౌలభ్యం ఉంది, ఒక చిక్కూ ఉంది. ఫ్రెంచి లాటిన్ నుంచే పుట్టింది కాబట్టి మాటలు చుట్టాల్లా పలకరిస్తాయి. వాక్యం నడక మాత్రం పూర్తిగా మారిపోయింది. లాటిన్ వాక్యం విభక్తుల మీద నిలబడుతుంది. కర్త, కర్మ ఎక్కడున్నా అర్థం చెడదు, క్రియ తరచు చివరికి వస్తుంది. మన తెలుగువాళ్లకు అది కొత్తగా ఉండదు. ఫ్రెంచి ఆ విభక్తులను పోగొట్టుకుని, పదాల వరుస మీద ఆధారపడటం నేర్చుకుంది. ఆ మార్పు జరిగిన దారి మధ్యయుగపు ఫ్రెంచిలో కనిపిస్తుంది. పాత ఫ్రెంచిలో ఇంకా రెండు విభక్తులు మిగిలి ఉన్నాయి. రెండు చివర్లూ తెలిసిన జాయింట్ విద్యార్థికి ఈ మధ్య భాగం అరటిపండు ఒలిచినట్టు బోధపడాలి. పాత ఫ్రెంచి పాఠాన్ని ఐచ్ఛికంగానైనా ఉంచిన విశ్వవిద్యాలయాలు ఈ విద్యార్థులకు గొప్ప మేలు చేస్తున్నట్టే.

అయితే ఈ జంటకు అసలు సమర్థన సాహిత్యంలో ఉంది. ఒక్క నాటకం చాలు: 1677 జనవరి 1న పారిస్‌లో తొలిసారి ఆడిన రసీన్ 'ఫెద్ర్'. సవతి కొడుకు హిప్పోలిటస్ మీద మనసుపడిన రాణి కథ. యూరిపిడీస్ క్రీ.పూ. 428లో ప్రదర్శించిన 'హిప్పోలిటస్'లో ఆ రాణి నాటకం సగం దాటగానే ఉరివేసుకుంటుంది. చచ్చిపోతూ, హిప్పోలిటస్ తనను చెరిచాడని పలక మీద రాసి చేతికి కట్టుకుంటుంది. ఆ తర్వాత నాటకమంతా తండ్రీకొడుకులది. రోమన్ రచయిత సెనెకా దగ్గరికి వచ్చేసరికి ఆమె తన కోరికను హిప్పోలిటస్ ముఖం మీదే చెబుతుంది. అతను కత్తి దూసి, దాన్ని అక్కడే పడేసి పోతాడు. ఆ కత్తినే దాది సాక్ష్యంగా వాడుకుంటుంది. అతను చనిపోయాక రాణి నిజం ఒప్పుకుని ఆ కత్తితోనే పొడుచుకుంటుంది.

రసీన్ ఇద్దరినీ చదివాడు. పోర్ రాయల్ మఠం బడిలో క్లోద్ లాన్సలో దగ్గర గ్రీకు నేర్చుకున్నవాడు ఆయన. అంచుల్లో నోట్సు రాసుకుంటూ చదివిన గ్రీకు నాటకాల ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. కత్తిని సెనెకా నుంచి తీసుకున్నాడు. సముద్రంలోంచి వచ్చిన భూతం హిప్పోలిటస్‌ను బలిగొన్న వృత్తాంతాన్ని యూరిపిడీస్ నుంచి తీసుకుని పెంచాడు. అబద్ధపు నింద మాత్రం రాణి నోట రానివ్వలేదు; అంత నీచపు మాట రాజవంశపు స్త్రీకి తగదని, దాది ఏనోన్ మీదికి నెట్టానని ముందుమాటలో తానే చెప్పుకున్నాడు. పెళ్లే వద్దనే హిప్పోలిటస్‌కు అరిసీ అనే ప్రియురాలిని కల్పించి, ఆ పేరుకు వర్జిల్‌ను సాక్ష్యం చూపించాడు. దేవతలను రంగస్థలం మీదికి రానివ్వలేదు. రాణిని చివరిదాకా బతికించి, పురాణాల మంత్రగత్తె మీడియా ఏథెన్స్‌కు తెచ్చిన విషం తాగించి, భర్త ఎదుట నిజం చెప్పించాడు. పాపం చేయాలని లేకపోయినా పాపం నుంచి తప్పించుకోలేని మనిషి ఆమె. ఇందులో, దైవానుగ్రహం లేనిదే మనిషి తరించలేడనే పోర్ రాయల్ జాన్సెనిస్టుల సిద్ధాంతం నీడ చాలామంది విమర్శకులకు కనిపించింది.

ఈ మార్పుల్లో ఒక్కొక్కటీ ఒక నిర్ణయం. మూలం తెలియని పాఠకుడికి అవి నిర్ణయాలుగా కనిపించవు, కథలో సంఘటనలుగా కనిపిస్తాయి. గ్రీకు మాత్రమే చదివినవారు సెనెకా నుంచి వచ్చినదాన్ని రసీన్ సొంత కల్పన అనుకునే ప్రమాదం ఉంది. శ్రీహర్షుడి సంస్కృతం చదవకుండా శ్రీనాథుడి 'శృంగార నైషధం' మీద తీర్పు చెప్పేవారి మాటకు మనం ఎంత విలువ ఇస్తాం? ఇక్కడా అంతే.

అనువాదాల దారి ఇంకా విచిత్రం. జాక్ అమ్యో 1559లో ప్లూటార్క్ జీవితచరిత్రలను గ్రీకు నుంచి ఫ్రెంచిలోకి తెచ్చాడు. ఫ్రెంచి వ్యాసకర్త మోంటేన్‌కు ఆ పుస్తకం ప్రాణం. 1579లో టామస్ నార్త్ దాన్నే ఇంగ్లీషు చేశాడు. ఆయన తర్జుమా చేసింది అమ్యో ఫ్రెంచిని, ప్లూటార్క్ గ్రీకును కాదు. షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్', 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా' రాయడానికి కూర్చున్నప్పుడు ముందున్నది నార్త్ పుస్తకమే. ఇంగ్లీషు సాహిత్యంలోకి గ్రీకు ప్రపంచం ప్రవేశించిన ద్వారాల్లో ఒకటి ఫ్రాన్స్‌లో ఉంది. ఇంగ్లీషు శాఖ గానీ, క్లాసిక్స్ శాఖ గానీ, ఫ్రెంచి శాఖ గానీ దీన్ని తమ పాఠంగా భావించవు. ముగ్గురి మధ్యా పడిపోయిన విషయం ఇది.

ఇరవయ్యో శతాబ్దంలోనూ ఆ రాకపోకలు ఆగలేదు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో సార్త్ర్ 1943లో ఒరెస్టిస్ కథను, అనూయ్ 1944లో యాంటిగొనీ కథను రంగం మీదికి ఎక్కించారు. మార్గరీత్ యూర్సెనార్ 1951లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ గొంతుతో నవల రాసింది. పరిశోధనలో చూస్తే గ్రీకు సమాజం మీద జాఁ పియేర్ వెర్నాఁ, నికోల్ లొరో, రోము మీద పోల్ వేన్ రాసినవి ఫ్రెంచిలో చదవగలగడం ఏ క్లాసిక్స్ పరిశోధకుడికైనా అవసరమే. 1920 నుంచి వస్తున్న బ్యుదే గ్రంథమాలలో ఎడమ పేజీన ఫ్రెంచి, కుడి పేజీన మూలం ఉంటాయి. గ్రీకు పుస్తకాలకు పసుపు అట్ట, ఎథీనా గుడ్లగూబ; లాటిన్ పుస్తకాలకు ఎర్ర అట్ట, రోము తోడేలు. జాయింట్ డిగ్రీ విద్యార్థికి ఆ పుస్తకంలో రెండు పేజీలూ తనవే.

ఫ్రాన్స్‌లో ఈ జంటకు జాయింట్ అనే మాటే అవసరం లేకపోయింది. 'లెత్ర్ క్లాసిక్' అనే చదువులో ఫ్రెంచి, లాటిన్, గ్రీకు మూడూ కలిసే ఉంటాయి; బడిలో ఆ మూడింటినీ ఒకే ఉపాధ్యాయుడు చెప్పగలడు. ఒకప్పుడు లాటిన్ లేని పాండిత్యాన్ని ఆ దేశం ఊహించనేలేదు. సామాజికశాస్త్ర పితామహుడు దుర్కైమ్ 1892లో మాంటెస్క్యూ మీద, సోషలిస్టు నాయకుడు జోరెస్ అంతకు ఏడాది ముందు జర్మన్ సోషలిజం మీద డాక్టరేటు కోసం లాటిన్‌లోనే రెండో సిద్ధాంత వ్యాసం రాయాల్సి వచ్చింది. 1902లో బడి చదువు ముగింపు పరీక్ష బాకలోరియాలో లాటిన్ లేని రకానికి కూడా సమాన హోదా వచ్చింది. 1968లో విద్యామంత్రి ఎద్గార్ ఫోర్ హైస్కూలు మొదటి ఏడాది నుంచి లాటిన్‌ను తీసేశాడు. 2015 సంస్కరణల్లో ప్రాచీన భాషలకున్న విడి స్థానం మరింత తగ్గబోతోందని దేశమంతా గొడవ జరిగింది. గ్రీకు కోసం జీవితాంతం పోరాడిన జాక్లీన్ ద రొమియీ అప్పటికి ఐదేళ్ల కిందటే కన్నుమూసింది. కొలేజ్ ద ఫ్రాన్స్‌లో మొదటి మహిళా ఆచార్యురాలు ఆవిడే.

ఈ చరిత్రలోనే గట్టి అభ్యంతరం ఉంది. లాటిన్, గ్రీకు, పారిస్ ఫ్రెంచి మూడూ కలిపితే అది కలిగినవాళ్ల పిల్లల చదువు కాదా? అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. ఇంగ్లండులో ప్రైవేటు బడుల్లో లాటిన్ మామూలు. ప్రభుత్వ బడుల్లో అరుదు. 2004 నుంచి పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు విదేశీ భాష తప్పనిసరి కాకుండా పోయాక ఫ్రెంచి చదివేవారూ తగ్గిపోయారు. అంటే ఈ డిగ్రీ రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడ్డాయి. 2021లో ప్రభుత్వ బడుల్లో లాటిన్ చెప్పించడానికి నలభై లక్షల పౌండ్లతో ఒక పథకం ప్రకటించారు. కొత్త ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో, విద్యాసంవత్సరం మధ్యలోనే, దాన్ని ఆపేసింది. పరీక్షకు సిద్ధమవుతున్న పిల్లల పాఠాలు సగంలో వదిలేయడం నా దృష్టిలో ఏ పొదుపు పేరుతోనూ సమర్థించలేని పని. అంతకు ముందు నెలలోనే కార్డిఫ్ విశ్వవిద్యాలయం కోత ప్రతిపాదనల జాబితాలో ప్రాచీన చరిత్ర, ఆధునిక భాషలు పక్కపక్కనే కనిపించాయి. భాషల విషయంలో తర్వాత కొంత వెనక్కు తగ్గింది.

కానీ పరిష్కారం ఈ చదువును పేదవాళ్లకు అక్కర్లేదని చెప్పడం కాదు. లెయొపోల్ సెదార్ సెంగోర్ బతుకు చూడండి. సెనెగల్‌లో పుట్టి 1935లో వ్యాకరణంలో అగ్రెగసియోఁ అనే ఉపాధ్యాయ పోటీ పరీక్ష నెగ్గిన మొదటి ఆఫ్రికన్ ఆయన. ఆ పరీక్ష ఫ్రెంచి, లాటిన్, గ్రీకు మూడింటి మీదా నడుస్తుంది. తూర్ నగరంలో ఫ్రెంచి పిల్లలకు ఆ భాషల పాఠాలు చెప్పాడు. తర్వాత స్వతంత్ర సెనెగల్‌కు తొలి అధ్యక్షుడయ్యాడు. వలసపాలకుల భాషను, వాళ్లు తమ సొత్తనుకున్న ప్రాచీన భాషలను వాళ్లకంటే బాగా నేర్చుకుని, ఆ బలంతోనే నల్లవాళ్ల సంస్కృతికి గౌరవం అడిగాడు. ఆ భాషలు ఎవరి సొత్తు అనే ప్రశ్నకు ఆయన జీవితం కంటే మంచి జవాబు నాకు దొరకలేదు. అందుకే అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 2021లో క్లాసిక్స్ మేజర్‌కు గ్రీకు, లాటిన్ తప్పనిసరి కాదన్నప్పుడు వచ్చిన చర్చలో నేను సగమే ఒప్పుకుంటాను. భాష రాకపోయినా చేరనివ్వాలి, నిజమే. చేరాక నేర్పకుండా పంపడం మాత్రం వాళ్లకు అన్యాయం. ఆక్స్‌ఫర్డ్‌లాంటి చోట్ల మొదటి నుంచి గ్రీకో లాటినో నేర్పే మార్గం ఉంది. అదే సరైన దారి.

రెండు పడవల మీద కాళ్లు పెట్టడమేగా అన్నది మరో అభ్యంతరం. దీని బరువు ఎక్కువగా ఫ్రాన్స్‌లో గడిపే ఏడాదిలో తెలుస్తుంది. చాలా చోట్ల మూడో ఏడాది విద్యార్థి అక్కడికి వెళ్లి బడిలో ఇంగ్లీషు సహాయకుడిగా వారానికి పన్నెండు గంటలు పనిచేస్తాడు, లేదా ఒక విశ్వవిద్యాలయంలో చదువుతాడు. ఫ్రెంచి పదునెక్కుతుంది, గ్రీకు తుప్పు పడుతుంది. తిరిగొచ్చాక చివరి ఏడాది ప్రాచీన గ్రంథాలతో కుస్తీ. ఇందుకు విరుగుడు కళ్లెదుటే ఉంది. ఆ ఏడాది లెత్ర్ క్లాసిక్ తరగతిలో కూర్చుని, లాటిన్ నుంచి నేరుగా ఫ్రెంచిలోకి అనువదించడం నేర్చుకుంటే రెండు చదువులూ ఒకే బల్ల మీద జరుగుతాయి. బ్రిటన్ శాఖలు దీన్ని విద్యార్థి ఇష్టానికి వదలకుండా ఏర్పాటుగా చేయాలి. బ్రెగ్జిట్ తర్వాత, విద్యార్థులను యూరప్ దేశాలకు పంపే ఎరాస్మస్ పథకం స్థానంలో 2021లో ట్యూరింగ్ పథకం వచ్చింది. వీసా పని పెరిగింది. అయినా ఈ ఏర్పాటుకు అడ్డు డబ్బు కంటే శాఖల మధ్య మాటలు లేకపోవడమే.

ఉద్యోగం సంగతి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో ఏ డిగ్రీ చదివినా కొంత అదనపు శిక్షణతో లా వైపు, ప్రభుత్వోద్యోగం వైపు, పత్రికలు, ప్రచురణల వైపు వెళ్లే వీలుంది. బోధన, అనువాదం ఉండనే ఉన్నాయి. మన దగ్గర యాజమాన్యాలు డిగ్రీ పేరు చూస్తాయి కాబట్టి అదే భరోసా ఇక్కడి పిల్లలకు ఇవ్వలేం.

మన దగ్గర ఫ్రెంచి, ప్రాచీన భాష రెండూ ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజ్ జాబితాలో పక్కపక్కనే ఉన్నాయి. సంస్కృతాన్నో ఫ్రెంచినో మార్కుల కోసం తీసుకుని, పరీక్ష అయ్యాక మరిచిపోయే పిల్లల సంఖ్య ఎంతో ప్రతి ఇంటికీ తెలుసు. జాయింట్ చదువు మనకు తెలియనిదా అంటే అదీ కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇచ్చిన 'ఉభయ భాషా ప్రవీణ' పట్టా తెలుగు, సంస్కృతాల జాయింట్ చదువే. ఆ పట్టా పొందిన పండితులు ఎన్నో ఊళ్ల హైస్కూళ్లలో తెలుగు పద్యం చెబుతూ దాని సంస్కృత మూలాన్నీ చెప్పగలిగారు. ఫ్రాన్స్ లెత్ర్ క్లాసిక్ ఉపాధ్యాయుడికి సరిజోడు మన తెలుగు మాస్టారే.

ఫ్రెంచికీ ప్రాచీన భాషలకూ తెలుగునేలతో నేరు చుట్టరికం కూడా ఉంది. 1732లో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి జెసూట్ గస్తోఁ లొరాఁ కేర్దూ తెలుగు నేర్చుకుని తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చాడు. పారిస్ అకాడమీ పండితులు అడిగిన ప్రశ్నకు జవాబుగా 1767లో, సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో ఉన్న పోలికలను వరుసపెట్టి రాసి పంపాడు. విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పడానికి పంతొమ్మిదేళ్ల ముందు సంగతి ఇది. అకాడమీ దాన్ని 1808 దాకా అచ్చు వేయలేదు, కీర్తి జోన్స్‌కు దక్కింది. జెసూట్ చదువులో నేర్చిన లాటిన్, గ్రీకు, పుట్టుకతో వచ్చిన ఫ్రెంచి, ఇక్కడ నేర్చుకున్న తెలుగు, సంస్కృతం ఒక్క తలలో చేరితే తప్ప ఆ పోలిక కనబడేది కాదు.

కాబట్టి ఈ డిగ్రీలో చేరాలనుకునేవారు, హైదరాబాదు నుంచైనా లండన్ నుంచైనా, శాఖలను కొన్ని మాటలు సూటిగా అడగాలి. ఫెద్ర్‌ను యూరిపిడీస్, సెనెకాలతో కలిపి చెప్పే పేపరు ఒక్కటైనా ఉందా? చివరి ఏడాది సిద్ధాంత వ్యాసానికి రెండు శాఖల నుంచీ చెరొక గురువు ఉంటారా? ఫ్రాన్స్ ఏడాదిలో లాటిన్ చదివితే ఆ మార్కులు లెక్కలోకి వస్తాయా? గ్రీకు, లాటిన్‌లను అక్కడే మొదలుపెట్టే వీలు చాలా చోట్ల దొరుకుతుంది. ఫ్రెంచి మాత్రం ముందే గట్టిగా రావాలి. పై ప్రశ్నలకు శాఖలు ఒకదాని వైపు ఒకటి చూపిస్తే, అక్కడ రసీన్ పాఠం విద్యార్థి తనంతట తానే, లైబ్రరీలో మూడు పుస్తకాలు తెరిచి పెట్టుకుని చదువుకోవాల్సి ఉంటుంది.